రెన్ కింది పేరు

ఇంగ్లీషు నౌకాదళంలో అడ్మిరల్ కావడానికి శౌర్యం అక్కర్లేదు, చావకుండా ఉంటే చాలు. కెప్టెన్ అయిన రోజునే మనిషి పేరు వరుసలోకి ఎక్కుతుంది. పైనున్నవాళ్ళు పోయేకొద్దీ అది పైకి జరుగుతుంది. ఎంత మొనగాడైనా మధ్యలో దూకి ముందుకు పోలేడు. ఆ వరుసలో అంబ్రోజ్ కిట్టో ముప్ఫై ఏళ్ళుగా వేలాడుతున్నాడు.

చిన్నతనంలోనే ఓడెక్కాడు. ఫ్రెంచివాళ్ళతో యుద్ధంలో ఎడమచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు, పాతికేళ్ళు దాటీ దాటకముందే కెప్టెన్ అయ్యాడు. ఆ తర్వాత యుద్ధం ముగిసింది. ఓడల్ని రేవులో కట్టేశారు, కెప్టెన్లను సగం జీతంతో ఇంటికి పంపారు. అప్పట్నుంచీ గోస్‌పోర్ట్ అనే రేవుపట్నంలోనే కాపురం. ఓడ ఇప్పించండని అడిగీ అడిగీ అతని నోరు నొప్పెట్టింది. అడ్మిరల్ అయ్యాక ఇవ్వక ఛస్తారా అని ఆశ. ఒక్కసారి తన సొంత జెండా కింద సముద్రం మీదకు పోవాలి, అంతకుమించి ఈ జన్మకు ఇంకేమీ అక్కర్లేదు అనుకునేవాడు.

పేపరు రాగానే ముందు చావు కబుర్లు చదివేవాడు. వంటవాడు జడ్ ఒకప్పుడు అతని పడవ నడిపినవాడు. ఆ చనువుతో ఉప్పుమాంసం వడ్డిస్తూ దెప్పేవాడు.

"ఇవాళ ఎవరైనా పోయారాండీ? పోతే ఇంకో ముక్క వేస్తాను."

కిట్టోకు సరిగ్గా పైన ఉన్న పేరు జోసయా రెన్. ఉండేది పక్కింట్లోనే. కుర్రతనంలో ఇద్దరూ ఒకే ఓడలో పెరిగారు. రెన్ తోటలో ఓడకొయ్య పాతించుకుని, రోజూ పొద్దున జెండా ఎక్కించి, పొద్దుగూకగానే దించేవాడు. అది దిగేదాకా అతనికి తిండి సయించేది కాదు.

"ఒరేయ్ కిట్టో, నేను పోతే నీకు కలిసొస్తుంది కదా, కాస్త విషం పంపకూడదట్రా" అని గోడ మీంచి నవ్వేవాడు. కల్మషం లేని మనిషి. కిట్టో కూడా నవ్వేవాడు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది.

కొత్త రాణిగారి పట్టాభిషేకం రోజున కొందరు కెప్టెన్లను అడ్మిరల్స్ చేస్తారని లండన్ నుంచి కబురొచ్చింది. వరుసలో రెన్ పేరు దాకా తీసుకుని, దాని కింద గీత గీస్తారన్నారు. ఆ వారమే రెన్ మంచం పట్టాడు, రొమ్ము పడిశం. పట్టాభిషేకం దాకా ప్రాణం నిలిస్తే చాలు, అతని భార్య టాబితాకు అడ్మిరల్ విధవకిచ్చే పింఛను వస్తుంది. ముందే పోతే కెప్టెన్ విధవకు విదిల్చే బిచ్చమే గతి. ఆవిడకు పిల్లల్లేరు.

పట్టాభిషేకం రెండు రోజులుందనగా సాయంత్రం సన్నగా వాన పట్టింది. కిట్టో కిటికీ దగ్గర నిలబడి పక్క తోటకేసి చూస్తున్నాడు. పొద్దుగూకినా జెండా దిగలేదు, తడిసి కొయ్యకు చుట్టుకుపోయింది. మంచంలో ఉన్నా సరే, కేకలేసి పనిమనిషి చేత దించే మనిషి రెన్. ప్రాణమున్నవాడు జెండాను అలా వదలడు.

తెల్లవారాక కిట్టో పక్కింటికి వెళ్ళాడు. టాబితా మెట్లకు అడ్డంగా నిలబడింది.

"ఎలా ఉన్నాడమ్మా?"

"నిద్రపోతున్నారు. ఇప్పుడే కాస్త జావ తాగారు."

"రాత్రి జెండా దించలేదు."

ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఒక్క రోజండీ. రేపటిదాకా ఊరుకోండి. మీకు ఇంకోసారి వస్తుంది, నాకు రాదు."

"నేనేమీ అనలేదమ్మా" అన్నాడు కిట్టో.

ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఇంకోసారి ఎప్పుడు? మళ్ళీ పట్టాభిషేకం జరిగితేనే కదా. పడుచు రాణి, ఎంతకాలం ఏలుతుందో ఎవరికి తెలుసు? లేచి కోటు తెమ్మన్నాడు.

"ఎక్కడికండీ?" అన్నాడు జడ్.

"రేవు దాటి, నౌకాదళం అధికారి దగ్గరకు. రెన్ పోయాడు, ఆవిడ దాస్తోంది. రాణిగారి కొలువులో చచ్చినవాడి పేరు చేరకూడదు."

జడ్ కోటు తెచ్చాడు గానీ తొడగలేదు, కుర్చీ మీద పెట్టాడు. "తమరే తొడుక్కోండి. నా చేతులకు మసి అయ్యింది." చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

మధ్యాహ్నానికి రెన్ ఇంటికి నౌకాదళం వైద్యుడొచ్చాడు, దుప్పటి తీసి చూశాడు. మర్నాడు గీత ఒక పేరు కిందకు జరిగింది, కిట్టో అడ్మిరల్ అయ్యాడు.

నౌకాదళంలో దళాలు మూడు, అడ్మిరల్ జెండాకు తన దళం రంగే ఉంటుంది; తన జెండా ఎరుపా, తెలుపా, నీలమా అని అడగడానికి ఉత్సాహంగా రేవు దాటి వెళ్ళాడు. గుమాస్తా ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "తమరికి హోదా మాత్రమేనండీ. ఇన్నేళ్ళు ఒడ్డున ఉన్నవాళ్ళకు ఓడ ఇవ్వరు. రెన్‌గారున్నా పోయినా అంతే." నౌకాదళంలో ఇలాంటివాళ్ళను పసుపు అడ్మిరల్స్ అంటారు, పసుపు దళమనేది ఎక్కడా లేదు కనుక. ఆ సంగతి గోస్‌పోర్ట్‌లో పీతలమ్మేవాడికి కూడా తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఆ వరుసనే నమ్ముకున్న ఈ మనిషి మాత్రం తనకు అది వర్తించదనుకున్నాడు. ఛీ, దీనికోసమా స్నేహితుడి శవాన్ని బజారుకీడ్చింది!

జడ్ ఆ నెలాఖరుకే పని మానేశాడు. ఊళ్ళోవాళ్ళు ఎప్పటిలాగే కెప్టెన్‌గారనేవాళ్ళు, కొందరు అదీ మానేశారు. టాబితా ఇల్లు వదిలి రేవు పక్కన ఒక గదిలోకి మారి, నావికుల చొక్కాలు కుట్టి బతుకుతోంది. ఆదివారం చర్చి గుమ్మం దగ్గర మాత్రం అతనికోసం ఆగుతుంది. మోకాళ్ళు వంచి, నలుగురికీ వినపడేలా, "బాగున్నారా, అడ్మిరల్‌గారూ?" అంటుంది. ఆ ఊళ్ళో అతన్ని అలా పిలిచేది ఆవిడొక్కతే.

"బాగానే ఉన్నానమ్మా" అంటాడతను, టోపీ తీసి.