సన్నగా గీసిన బొమ్మలు

మా యూనివర్సిటీ పరీక్షల విభాగంలో స్కానింగ్ గది గోడకు ఒక సూచన అంటించి ఉంది: ‘జామెట్రీ పత్రాలను నలుపు-తెలుపులో స్కాన్ చేయరాదు.’ ఎందుకో ఇప్పుడక్కడ పనిచేసేవారికి తెలియదు. తెలిసిన నేను రిటైరయ్యాను గనుక రాసిపెడుతున్నాను.

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను శేరిలింగంపల్లి క్యాంపస్‌లో ఆ గదికి సూపరింటెండెంట్‌గా వేశారు. జామెట్రీ కోర్సుకు నూరు మార్కులు. నలభై తరగతి పరీక్షలకు, అరవై చివరి పరీక్షకు. చివరి పరీక్షలో ఇరవై నాలుగు రాకపోతే తప్పినట్టే. పది మార్కుల ప్రశ్నలో బొమ్మకు రెండు, నిరూపణకు ఎనిమిది. దిద్దేవారు అసలు కాగితం చూడరు. మేం స్కాన్ చేసిన ప్రతిని కంప్యూటర్‌లో చూసి మార్కులు వేస్తారు.

ఒక మధ్యాహ్నం బోరబండ నుంచి లావణ్య అనే విద్యార్థిని తన పత్రం స్కాన్ ప్రతి పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చింది. ఇరవై ఒకటి వచ్చాయి. మాదాపూర్‌లో ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చింది గాని, ఒక్క సబ్జెక్టు మిగిలినా చేర్చుకోదు.

“నాలుగు బొమ్మలు గీసిన సార్. ఇండ్ల ఒక్కటి లేదేంది?”

“రీవాల్యుయేషన్‌కు పెట్టుకోమ్మా” అన్నాడు పక్క సీటు రమేశ్.

“మళ్ల గీ కాపీనే చూస్తరు గద సార్?”

ఆ ప్రతిని నేను చేతిలోకి తీసుకున్నాను. నేను చదివింది ఇంటరే అయినా, లైబ్రరీలో కూర్చునీ, ఇంటికి తెచ్చుకునీ జామెట్రీ పుస్తకాలు ఒక్కొక్కటే పూర్తిచేసినవాణ్ణి. ఆమె నిరూపణ చదివాను. ‘పి బిందువు నుంచి గీసిన లంబం’ అని ఉంది. బొమ్మే లేకపోతే పి ఎక్కడిది? ఏ పెన్సిల్ వాడావమ్మా అని అడిగాను.

“గట్టి పెన్సిల్ సార్. గీత సన్నగుండాలని మా మేడం చెప్పింది.”

ఫైలు చిన్నదవుతుందని నలుపు-తెలుపు పెట్టించింది నేనే. అందులో లేత బూడిద గీతలు తెలుపుగా మారి మాయమవుతాయి. అసలు పత్రాలున్న సీలు వేసిన బండిల్ విప్పడానికి కంట్రోలర్ అనుమతి కావాలి. నా పొరపాటును ఒప్పుకుంటూ నోట్ రాశాను. కంట్రోలర్ శేషగిరిరావు గారు చదివి, “జామెట్రీ ఎప్పుడు నేర్చారండీ?” అన్నారు. లైబ్రరీలో అన్నాను. “స్కానర్‌కు కూడా కాస్త నేర్పాల్సింది” అంటూ సంతకం పెట్టారు.

విప్పితే నాలుగు బొమ్మలూ ఉన్నాయి, వెంట్రుకంత సన్నగా. రేఖకు వెడల్పు ఉండదన్న నిర్వచనాన్ని మా స్కానర్ అక్షరాలా పాటించింది. ఆ కోర్సు పత్రాలన్నీ ఈసారి రంగుల్లో మళ్లీ స్కాన్ చేసి దిద్దేవారికి పంపాం. లావణ్య బొమ్మల్లో ఒకటి నిజంగానే తప్పు. మిగిలిన మూడింటికి ఆరు కలిసి ఇరవై ఏడయ్యాయి.

తెర మీద ఖాళీ కనిపిస్తే కాగితం మీదా ఖాళీయే అనుకోకూడదని నేర్చుకున్నాను. ఆ రోజే సంతకం చేసిన శేషగిరిరావు గారికి, భోజనానికి లేవకుండా స్కాన్ చేసిన రమేశ్‌కు, గడువు దాటినా నా దగ్గర పుస్తకాలుంచిన లైబ్రేరియన్ ఖాజా గారికి కృతజ్ఞతలు. రీవాల్యుయేషన్ ఫారం తీసుకుని వెళ్లిపోకుండా ఆ ప్రశ్న అడిగిన లావణ్యకు కూడా.