జాలి కనపడలేదు

గల్ఫ్‌లో, సఖీర్ నుంచి వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్నది జగిత్యాల మనిషి. పేరు నేను అడగలేదు. నేను ఆస్పత్రిలో స్కాన్లు తీస్తానని తెలియగానే కవర్లోంచి రిపోర్టు తీసి నా ఒళ్లో పెట్టాడు.

"అన్నా, హెర్నియాకు ఊర్ల ఆపరేషన్ చేసి లోపల జాలి పెట్టిండ్రు. మల్ల నొస్తుందంటే ఈడ సీటీ తీసిండ్రు. జాలి కనపడలేదని రాసిండ్రట. ఫోర్‌మన్ ఏమో నీకు ఆపరేషనే కాలే, బస్తాలు మొయ్యి అంటుండు. కోత సూపెడితే నవ్విండు."

మేం మెష్ అనే సన్నని వలను అతను జాలి అంటున్నాడు. అది చాలాసార్లు సీటీలో కనపడదు, అల్ట్రాసౌండ్‌లో చూడాలి. ఆ ఒక్క ముక్క కాగితం మీద రాసిస్తే చాలు. కానీ ఆ రిపోర్టు మా ఆస్పత్రి డాక్టరుది, దాని మీద నేను రాస్తే నా ఉద్యోగానికే ముప్పు.

"జాలి లోపల కరిగిపోతదా అన్నా?"

"ఏమో," అన్నాను.

జింజ్ స్టాపులో దిగడానికి లేచాను. పైన పెట్టిన నా సంచి బరువుగా ఉంది. అతను ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని, రెండో చేత్తో దాన్ని దించి ఇచ్చాడు.

నేను వద్దనలేదు.