నర్సక్క ఫోన్లో చెప్పని మాట

మా సందు చివరి ఇంట్లో ఎవరో పోయారు. ఫ్రీజర్ పెట్టె మోటారు పొద్దుటి నుంచి గుర్రుమంటోంది. ఆ చప్పుడు వింటే నర్సక్క గుర్తుకొచ్చి నాకు అన్నం సయించదు.

నర్సక్క మా పక్కింటి మనిషి. మరమగ్గాలకు కండెలు చుట్టేది. ఎవరో చనిపోతూ ఇచ్చిన కన్నుతో ఆమె తమ్ముడికి చూపు వచ్చింది. అప్పటి నుంచి నేత్రదానం చేయమని ఇంటింటికీ తిరిగేది. ఇస్తామన్నవాళ్ళు ఒక్కరే ఒప్పుకుంటే చాలదు. ఇంటివాళ్ళందరినీ కూర్చోబెట్టి, వాళ్ళ ముందే నోటితో చెప్పించేది.

"సంతకం పెడ్తె చాలదా అక్కా?" అని, మా ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టిన రోజు అడిగాను.

"సచ్చినంక నువ్వు లేసొచ్చి ఇస్తవానే? ఇచ్చేటోళ్ళు గీళ్ళు. గీళ్ళు ఇనాలె" అని కసిరింది. పాడుమాటలని మా అత్తమ్మ లేచిపోబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అబ్బ, ఎంత మొండిదో! ఆ మొండితనమే పని చేసింది. తర్వాత వీధిలో ఇద్దరు పోతే, ఇంటివాళ్ళే ఏడుస్తూ ఆస్పత్రికి కబురు చేశారు.

ఒకరోజు తెల్లవారుజామున నర్సక్కే గుండెపోటుతో పోయింది. కొన్ని గంటల్లోపే కళ్ళు తీయాలని ఆస్పత్రికి నేనే ఫోన్ చేశాను. డాక్టర్లు వచ్చేసరికి ఆమె మరిది, దుబాయిలో ఉన్న తన అన్నకు, అంటే నర్సక్క మొగుడికి, ఫోన్ కలిపాడు.

"నేనొచ్చి మొఖం జూసేదాక ఎవ్వలు ముట్టద్దు!" ఫోన్లో ఒకటే ఏడుపు.

"బావా, అక్క మాటిచ్చింది!" అని అరిచాను.

"ఎవలకిచ్చింది? నాకొక్కనాడు చెప్పలే!"

నిజమే, చెప్పలేదు. గల్ఫ్‌లో ఉన్న మనిషితో మేం చావు మాట ఎత్తం. జ్వరమొచ్చినా బాగున్నామనే అంటాం, అక్కడ పరేషాన్ అవుతాడని. వీధి మొత్తానికి చెప్పి ఒప్పించిన మనిషి, తన మొగుడికి మాత్రం చెప్పలేదు. మరిది కాళ్ళు పట్టుకున్నాను. "మా అన్న వద్దన్నంక నేనెట్ల చెయ్యాలె?" అన్నాడు. డాక్టర్లు మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళిపోయారు. బావ రెండు రోజుల తర్వాత వచ్చాడు. అందాకా అక్కను ఫ్రీజర్ పెట్టెలోనే ఉంచారు. అప్పటికి ఆ కళ్ళు ఎవరికీ పనికిరావు. నాకు ఆయన మీద కోపం లేదు. ఆమె మీదే, ఇప్పటికీ. అంత తెలిసినదానివి, ఎందుకు చెప్పలేదే నర్సక్కా?

ఆ నెలలోనే మస్కట్‌లో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. "నేను పోతె నా కండ్లియ్యాలె. నువ్వొచ్చేదాక ఆపద్దు."

"దిమాక్ ఖరాబైందా?" అని కట్ చేశాడు. మళ్ళీ చేశాను.

"కండ్లు లేని మొఖం నేనెట్ల జూడాలెనే?" అన్నాడు.

"సరే అను" అన్నాను. అనేదాకా ఫోన్ పెట్టలేదు.

సెలవు మీద వచ్చిన ప్రతిసారీ మళ్ళీ అడుగుతాను. ప్రతిసారీ, నేను అప్పుడే పోయినట్టు ఏడ్చి, సరే అంటాడు.