ఎదురుగాలి నేర్చిన పడవ బాపు

కందకుర్తి నుంచి సూది మందు కోసం వచ్చిన ఒకామె చెయ్యి చాపుతూ మామూలుగా అనేసింది: "మన పడవ బాపు పోయిండమ్మా. పది దినాలైంది." సూది వేశాను, దూది అద్దాను, తర్వాతి మనిషిని పిలిచాను. సాయంత్రం నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నా గది తాళం తీస్తుంటే తెలిసింది, ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరని. అందుకే మీకు చెబుతున్నాను.

నేను కందకుర్తికి నర్సుగా వెళ్లేనాటికి భాషల లెక్కన రాష్ట్రాలు మారి ఐదారేళ్లయింది. గోదావరి అవతలి ఒడ్డు మహారాష్ట్రలోకి పోయింది. కానీ కాన్పు నొప్పులు హద్దులు చూడవు కదా, అవతలివాళ్లూ నాకోసమే వచ్చేవాళ్లు. నన్ను ఏరు దాటించేది పడవ బాపు. యాభై దాటిన మనిషి, ఒంటరివాడు. ఎవరైనా పడవెక్కే ముందు కూర్చునే పలకను తన తువ్వాలతో తుడిచేవాడు. ఆ మర్యాద నా ఒక్కదానికే కాదు, మేకను ఎక్కించినా అంతే.

ఆదివారాలు నాకు గడిచేవి కావు. ఒక్క గది, ఒక్క కంచం. రేవుకు పోయి కూర్చునేదాన్ని. ఎందుకొచ్చావని ఆయన ఎన్నడూ అడగలేదు. ఒకనాడు తెరచాప తాడు నా చేతికిచ్చాడు.

"యెన్క గాలున్నప్పుడు తాడు మొత్తం ఇడువు, సాప పక్కకు పరుసుకోవాలె. పక్క గాలైతే సగం గుంజు. ఎదురుగాలైతే పడవ నడుముకు ఆనేదాక గుంజు."

చాప అంచు రెపరెపలాడితే, "అగో, ఆకలైతుందంటుంది. ఇంకింత గుంజు" అనేవాడు. చప్పుడు ఆగేదాకా లాగాలి, ఆగాక ఇంక లాగకూడదు. ఆ రెండోది నేర్వడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

ఒక ఆషాఢ మధ్యాహ్నం అవతలి ఊరి నుంచి ఒకతను బాపు పడవలో వచ్చాడు. భార్యకు ముందురోజు నుంచి నొప్పులు. బిడ్డ కాలు బయటపడిందట. వచ్చేటప్పుడు గాలి వెనక ఉంది, గబగబా వచ్చేశారు. ఇక పోవలసింది దానికి ఎదురు. బాపు పడవ పక్కకు జారిపోకుండా పొడుగు పలక ఒకటి నీళ్లలోకి దించి, చాప బిగించాడు. పడవ ఊరివైపు కాకుండా ఏటవాలుగా ఎగువకు సాగింది. అతను లేచి నిలబడ్డాడు.

"ఊరు గక్కడుంటే గిటెందుకు పోతున్నవే? ఆడ నా పెండ్లాం సస్తుంది!"

"కూసో బిడ్డా. నేరుగ పోలేం. గిటింత, గటింత పోతెనే ఒడ్డు దొరుకుతది."

బాపు చుక్కాని పట్టి తాడు నాకిచ్చాడు. ప్రతి మలుపులో చాప ఫెడఫెడమంటూ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారేది. నా అరచేతులు ఒరుసుకుపోయాయి. ఆరో మలుపులో రేవు తగిలింది.

ఆడపిల్ల. పుట్టగానే నీలంగా ఉంది. వీపు రుద్దగా రుద్దగా ఏడ్చింది. తల్లీ బతికింది.

తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనకే, చేతులకు పనిలేదు. అప్పుడు చెప్పాడాయన.

"మా ఇంటిదానికి గిట్లనే అయింది నర్సమ్మా. కాన్పు చేసే దాయి అవతల ఉండె. ఎదురుగాలి. నాకప్పుడు యెన్క గాలికి నడుపుడే ఎరుక. గాలి తగ్గుతదని పొద్దంత ఒడ్డు మీద కూసున్న."

గాలి తగ్గేసరికి ఆమె లేదు. ఆ మరుసటేడు బోధన్ చెరకు తోటల్లో పనికి వచ్చిన ఒక కోస్తా బెస్తతనితో కలిసి చలికాలమంతా చెరకు నరికాడట. సముద్రం మీద వాడే తీరులో చాప గుడ్డను కత్తిరించడం, ఎదురుగాలికి నడపడం అతని దగ్గరే నేర్చుకున్నాడు.

"ఆమె పోయినంక ఎవలికోసం నేర్సుకున్నవు బాపూ?" అన్నాను.

"ఎవలో ఒకలు పిలుస్తరు గద."

ఆయన చుక్కాని మా రేవు వైపు తిప్పాడు.

తర్వాత నాకు నిజామాబాద్ బదిలీ అయింది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా చూడబోలేదు. బస్సులున్నాయి, సెలవులూ ఉన్నాయి. పోలేదంతే.

కందకుర్తి విడిచి బయల్దేరిన రోజు బస్సుకు ముందు రేవుకు వెళ్లి చెప్పాను. తలూపాడు.

"టౌన్ల ఏరు లేదు గద?"

"లేదు బాపూ."

"మరెట్ల పొద్దువోతది నీకు?"

జవాబు చెప్పేలోపు అవతలి ఒడ్డు నుంచి ఎవరో కేకేశారు. ఆయన పడవ నీళ్లలోకి నెట్టాడు. ఆ రోజూ ఎదురుగాలే. ఎదురుగాలికి పోయే పడవ తిన్నగా దూరమవదు. ఒక మలుపులో ఆ మాసిన చాప వెనక్కి వస్తోందేమో అనిపించేది. మరో మలుపులో ఇంకాస్త చిన్నదయ్యేది. కుడికి, ఎడమకు, మళ్లీ కుడికి. బస్సు హారన్ మోగుతూనే ఉంది. ఆ చాప ఈసారి ఎటు తిరుగుతుందా అని నేను చూస్తూనే ఉన్నాను.