మానేసేవాళ్ళ జాబితా

గద్వాలలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఎకనామిక్స్ చెబుతున్నప్పుడు, ఒక ఏడాది మా ప్రిన్సిపాల్‌కు కొత్త ఆలోచన వచ్చింది. ఫస్టియర్ పిల్లల్లో ఎవరు డిగ్రీ పూర్తి చేస్తారో, ఎవరు మధ్యలో మానేస్తారో ముందే కనిపెట్టాలట. మానేసేలా ఉన్నవాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేయాలట. స్టాఫ్ రూములో కంప్యూటర్ ముందు ఎక్కువసేపు కూర్చునేది నేనే కాబట్టి ఆ పని నాకే వచ్చింది. నేను పీహెచ్‌డీ రాసుకుంటున్నానని కాలేజీలో అందరూ అనుకునేవారు; అందులో పేకాట ఆడతానని ఆయనకు తెలియదు.

హాజరు, ఇంటర్ మార్కులు, ఊరి దూరం కలిపి ఒక పట్టిక తయారుచేశాను. పూర్తిచేసేవాళ్ళకు పచ్చరంగు, మానేసేవాళ్ళకు ఎర్రరంగు. అది పూర్తయ్యాక జ్యోతిష్యం చెప్పగలనన్నంత ధీమా వచ్చింది. అందరికంటే ముదురు ఎరుపు గట్టు మండలం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయికి పడింది. రెండు నెలలుగా ఆమె కాలేజీకి రాలేదు.

వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి, "మీ అమ్మాయి పేరు ఎర్రరంగులో ఉంది" అన్నాను. మిగతాది చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతబట్టుకుని మా స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, నా బిడ్డ ఏం తప్పు జేసింది? ముచ్చట పోలీసోళ్ళ దాంక పోయిందా?"

వెనకే అమ్మాయి వచ్చింది. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"నేను మానేస్తనని మీకెవరు చెప్పిన్రు సార్?"

"రెండు నెలలు రాలేదు కదమ్మా."

"సీడ్ పత్తికి క్రాసింగ్ చేస్తున్నం. పొద్దుగాల్నే పూలకు చేత్తో పుప్పొడి అద్దాలె. అవి నా కోసం ఆగుతయా? ఇంటికాడ చదువుతనే ఉన్న. ఏమన్న అడుగుండ్రి."

డిమాండ్ వ్యాకోచత్వం గురించి అడిగాను.

"ఉప్పు రేటు పెరిగి పిరమైనా గంతే కొంటం. మామిడిపండ్లు పిరమైతే చూసుకుంట పోతం" అంది. నేను మూడు క్లాసుల్లో చెప్పింది అదే. అంతటితో ఆగలేదు. "మీ పీహెచ్‌డీ ఎన్నేండ్ల నుంచి నడుస్తుంది సార్?"

"తొమ్మిదేళ్ళు."

"మరి మీకేం రంగు ఏసుకున్నరు?"



"ఏయ్, ఊకో! సారును గట్ల అడుగుతరా?" అని తండ్రి కసిరాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి మెల్లగా, "దానికి నోరు జర ఎక్కువ. అయినా సార్, మీరు గూడ జల్ది పూర్తి చేసుకోండ్రి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మిగతా ఎర్రరంగు పిల్లల ఇళ్ళకూ ఫోన్లు చేశాను. ఈసారి రంగుల మాట ఎత్తకుండా, ఎందుకు రావడం లేదని అడిగాను. సగానికి పైగా పత్తి చేలల్లోనే ఉన్నారు. పని అయ్యాక వాళ్ళకు ఆదివారాలు క్లాసులు పెట్టాను.

నా పట్టికలో అందరికంటే పచ్చగా ఉన్న కుర్రాడు, ఒక్కరోజు కూడా తప్పనివాడు, రెండో ఏడాది వేసవిలో మానేశాడు. కారణమడిగితే, "మా ఇంట్ల ఫ్యాను ఖరాబుండె సార్, గందుకే రోజూ వస్తుంటి. ఇప్పుడు కొత్తది తెచ్చినం" అన్నాడు.

ఆ అమ్మాయి మాత్రం ఒక్క సబ్జెక్టూ తప్పకుండా మూడేళ్ళలో డిగ్రీ పూర్తిచేసి, వనపర్తిలో బీఈడీలో చేరింది. మెమో తీసుకోవడానికి వచ్చిన రోజు తండ్రి ఆ కాగితాన్ని స్టాఫ్ రూములో అందరికీ చూపించాడు. చివరికి ప్రింటర్ బాగుచేయడానికి వచ్చిన మనిషిని కూడా వదల్లేదు. అతను చేతులు తుడుచుకుని, అన్ని మార్కులూ పైకి చదివి వినిపించాడు.