మా నాన్న భయపడిన సాయంత్రం

నా చిన్నప్పుడు మేం కకిరిగుమ్మ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పే తీరును బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో మాకు తెలిసిపోయేది. బూటు గోడకు తగిలిందంటే అమ్మ మాటలు ఆగిపోయేవి. నేను తమ్ముణ్ణి మంచం కిందకు తోసేదాన్ని. బెల్టు ఎవరి మీద లేస్తుందో, ఎందుకు లేస్తుందో ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.

ఒక వర్షాకాలం శ్రీకాకుళం వైపు మా ఊరి నుంచి తాతయ్య వచ్చి మా దగ్గర ఉన్నాడు. నాన్నకు తండ్రి. చూపు మందగించి, కర్ర పట్టుకుని నడిచే మనిషి. మాతో మెత్తగానే మాట్లాడేవాడు. అయినా ఆయన దగ్గితే చాలు, నాన్న టీ గ్లాసు కింద పెట్టేసి ఉలిక్కిపడి లేచి నిలబడేవాడు. అది చూసి నాకు ఇంకా భయం వేసేది. నాన్నే జంకే మనిషి ఎలాంటివాడై ఉంటాడు!

ఆ సాయంత్రం తమ్ముడి కాలు తగిలి అన్నం గిన్నె తిరగబడింది. నాన్న బెల్టు లాగాడు. "సిన్నోడండీ, ఒగ్గీండి" అంటూ అమ్మ అడ్డం వెళ్లింది. ఆమెను పక్కకు తోసేశాడు. తమ్ముడు ఏడవలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయాడు.

అప్పుడే తాతయ్య చాప మీద నుంచి లేచాడు. కర్ర నేలకు తగిలిన చప్పుడుకి నాన్న గిరుక్కున తిరిగి, రెండు చేతులతో తల కప్పుకున్నాడు. అంత పెద్ద మనిషి, అచ్చం తమ్ముడిలాగే.

తాతయ్య ఆ చేతుల వైపే చాలాసేపు చూశాడు. తర్వాత కర్ర వదిలేసి, చొక్కా విప్పి, నాన్నకు వీపు పెట్టి నేల మీద కూర్చున్నాడు. ఆ వీపు నిండా పాత చారలు.

"ముందు నన్ను కొట్రా. మా అయ్య నన్ను కొట్టేడు. నాను నిన్ను కొట్టేను. ఇప్పుడీ సిన్న గుంటడు నేర్సుకుంతన్నాడు. ఇంక సాలు."

నాన్న చేతిలోంచి బెల్టు జారిపోయింది. గోడకు ఆనుకుని కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "అమ్మీ, తమ్ముడికి మళ్లీ కూడెట్టు" అన్నాడు తాతయ్య నాతో.

ఆ రోజుతో అంతా మారిపోయిందని చెప్పలేను. నాన్న అరుపులు తర్వాతా ఉన్నాయి. తాతయ్య వెళ్లిపోయాక, మళ్లీ బెల్టు ఎప్పుడు తీస్తాడోనని ఏళ్ల తరబడి బిక్కుబిక్కుమంటూ బతికాం. తీయలేదు.

ఇప్పుడు రాయగడలో మనవలతో ఉంటున్నాను. వాళ్లు విసిగించినప్పుడు ఒక్కోసారి నా చెయ్యి దానంతట అదే లేవబోతుంది. గబుక్కున దించేసుకుంటాను. నేను నేర్చుకున్నది ఇంకా లోపల ఎక్కడో ఉంది. అది నాతోనే పోవాలి.