పిడికెడు ఇసుక

సౌదీలోని మా లేబర్ క్యాంపులో మెదక్ నుంచి వచ్చిన వెల్డరన్న ఒకాయన ఉండేవాడు. దేవుడి దగ్గర జోళ్లు విడవడం ఆయనకు ఊపిరంత అలవాటు. గదిలో బైబిలు తెరిచినా జోళ్లు గుమ్మం బయటే ఉండేవి. "మా పెద్దగుడిలకు ఎవ్వరు చెప్పులతోని పోరు రా" అనేవాడు. మెదక్‌లోని ఆ రాతి చర్చి గురించి, దాని గోపురం గురించి, రంగుటద్దాల కిటికీల్లోంచి పడే వెలుగు గురించి ఎంత చెప్పినా ఆయనకు తనివి తీరేది కాదు.

జుబైల్ అవతల ఇసుకలో ఒక పురాతన చర్చి శిథిలాలున్నాయి. చుట్టూ కంచె, లోపల పైకప్పు లేని మొండిగోడలు. ఊళ్లో అన్న భార్య చనిపోయినప్పుడు మా యజమాని కఫీల్ దేశం దాటే ఎగ్జిట్ అనుమతి ఇవ్వలేదు. ఊళ్లో సమాధి చేసే వేళకు అన్న నన్ను వెంటబెట్టుకుని ఆ శిథిలాల దగ్గరికి వెళ్లాడు.

కంచె దగ్గర సేఫ్టీ బూట్లు విప్పాడు. ఇసుక నిప్పులా ఉంది.

"కాళ్లు కాల్తయి అన్నా, తొడుక్కో. పాడుబడ్డ గోడలే గదా."

"పాడువడితే గుడి గాకుంట పోతదా?"

ఊళ్లో సమాధి దగ్గర నుంచి ఆయన బామ్మర్ది వీడియో కాల్‌లో అంతా చూపిస్తున్నాడు. పాస్టరు ప్రార్థన ముగించి, అందరినీ మట్టి వేయమన్నాడు. అన్న కంచె సందులోంచి చెయ్యి పెట్టి పిడికెడు ఇసుక తీశాడు. అంతలో ఫోన్ కట్టయింది. మళ్లీ మళ్లీ చేశాను, కలవలేదు.

అన్న పిడికిలి విప్పలేదు. వట్టి కాళ్లతో అలాగే నిలబడి నా వైపు చూశాడు.

"ఆడ అందరు ఏసిండ్రంటవా? నేను గూడ ఎయ్యాల్నా?"